తునికాకు రోజుల్లో బడి

బిడ్డా,

ఇల్లందు వైపు వేసవి శిబిరంలో చదువు చెప్పడానికి ఒప్పుకున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. సంతోషం. బడి మానేసిన పిల్లల్ని నెలన్నర ఒక్కచోట ఉంచుకోవడంలో పాఠం చెప్పడం చిన్న పనే. మిగతాది ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నా.

మొదటి నాలుగు రోజులు వాచకం తీయకు. పన్నెండేళ్ల పిల్లను అందరి ముందూ అ ఆలు దిద్దమంటే సిగ్గుతో చచ్చిపోతుంది, తెల్లారేసరికి ఇంటిదారి పడుతుంది. అలా పోయినవాళ్లను ఈడ్చుకురావద్దు. ఇంటికి పోయి తల్లితో నింపాదిగా మాట్లాడు. రాత్రిళ్లు ఆడపిల్లల గదిలోనే పడుకో, అన్నం వాళ్ల బంతిలోనే తిను.

వాళ్లకు ఏమీ రాదనుకోకు. అడవి పల్లెల్లో ఎండాకాలం వస్తే తెల్లారకముందే తునికాకుకు పోతారు. యాభై ఆకులు ఒక కట్ట. కల్లంలో ఆకు లెక్కపెట్టి తీసుకునే కల్లెదారు ఎన్ని కట్టలు పక్కన పడేశాడో, ఎంత డబ్బు రావాలో నోటితోనే చెప్పేస్తారు. ఒక శిబిరంలో ఒక పిల్లను ముప్పై ఏడు కట్టలకు ఎన్ని ఆకులని అడిగాను. "నలభై అయితే రెండు వేలు, మూడు కట్టలు తక్కువ, పద్దెనిమిదొందల యాభై" అంది గుక్క తిప్పుకోకుండా. పలక మీద రాయమంటే ముందు 1000, దాని పక్కన 800, ఆ పక్కన 50 వేసింది. లెక్క వచ్చు, అంకె వేయడం రాదు. నీ పాఠం సరిగ్గా అక్కడ మొదలుపెట్టు. ఒకట్లు, పదులు, వందలు ఆమెకు రెండు పూటల్లో పట్టుబడ్డాయి.

ఆదివారం తల్లులు వస్తారు. సీజన్ డబ్బు పోతోందని వాళ్లు అంటే కసురుకోకు, అది నిజమైన బాధే. వానాకాలం విత్తనాలకు చేతిలో ఉండేది చాలా ఇళ్లలో ఆ డబ్బే. చదువు గొప్పతనం మీద ఉపన్యాసం వద్దు. కట్టలు రాసే కార్డు తెమ్మని, దాన్ని పిల్లచేత చదివించు. చాలు.

పేదవాళ్లకు పిల్లల చదువు పట్టదని నీ తోటివాళ్లే అంటారు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు జీతాలకున్న పిల్లల్ని శిబిరాలకు తెచ్చి, అక్కణ్నుంచి బడుల్లో చేర్పించి ఆ మాటను తిప్పికొట్టారు. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది ఈ పనికే. పగలు పని, రాత్రి బడి అనే సర్దుబాటును వాళ్లు ఒప్పుకోలేదు. పిల్లలు పగటి బడిలోనే ఉండాలన్నారు. నాకూ అదే సరైనదనిపిస్తుంది.

ముగింపు సభకు పెద్దలొస్తారని చివరి వారమంతా డ్యాన్సులతో సరిపెడతారు. నాకది నచ్చదు, పిల్లలకు మాత్రం తెగ నచ్చుతుంది. అందుకే నోరు మూసుకుంటా.

అసలు పని జూన్‌లో, బడులు తెరిచాక. 2009 విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ బాగా చదువుకో. బడి మానేసిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడ్డ చదువుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. అదే చట్టంలోని వేరే సెక్షన్ల ప్రకారం టీసీ లేదనీ, పుట్టినతేదీ కాగితం లేదనీ వెనక్కి పంపకూడదు. "రెండో తరగతిలో కూర్చోబెడతాం, మెల్లగా పైకి పంపుదాం" అని హెడ్‌మాస్టర్ మంచిగానే చెప్తాడు. తల ఊపకు. చిన్నపిల్లల మధ్య మోకాళ్లు పట్టని బెంచీలో కూర్చున్న పిల్ల దసరా సెలవులకు పోతే మళ్లీ రాదు. చేర్పించే రోజు తల్లిని వెంట తీసుకుపో, సెక్షన్ ఉన్న కాగితం జిరాక్స్ తీసి సంచిలో పెట్టుకో, గొంతు మాత్రం పెంచకు. ఆ హెడ్‌మాస్టర్‌తో మనకు ఏడాదంతా పని ఉంటుంది.

శిబిరం అయ్యేలోపు ప్రతి పిల్ల ఊరు, బడి, ఇంట్లో ఎవరిదో ఒకరి ఫోన్ నంబరు ఒక నోట్‌బుక్‌లో రాసి ఉంచు. ఆగస్టులో ఆ ఊళ్లన్నీ ఒకసారి చుట్టి రావాలి. బస్సు ఖర్చులు శిబిరం వాళ్లు ఇవ్వరు, నేను ఫోన్‌పే చేస్తా. మీ నాన్నకు చెప్పకు, నా పెన్షన్ గురించి మళ్లీ లెక్చర్ మొదలుపెడతాడు.

మీ మేనత్త