ఎడంచేత్తో తోసిన పాస్‌బుక్కు

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

బ్యాంకులో చేరి నెల తిరక్కుండానే మేనేజరు చేత మాట పడ్డానని ఫోన్లో కళ్లనీళ్లు పెట్టుకున్నావట. మీ అత్తయ్య చెప్పింది. మీటింగులో చేతులు కట్టుకు నిల్చుంటే, పని మీద ఆసక్తి లేనట్టుందన్నాడని కదూ? ఆయన తప్పూ లేదు, నీ తప్పూ లేదు. బళ్లో మాస్టారి ముందు వినయంగా నిలబడమంటే మనకు నేర్పింది చేతులు కట్టుకోమనే. ఆఫీసు మర్యాదల పుస్తకాలేమో అలా నిలబడితే మనసుకు తలుపు వేసుకున్నట్టని రాస్తాయి. రేపటినుంచి మీటింగుకు ఒక డైరీ, పెన్ను పట్టుకెళ్లు. చేతులకు పని దొరుకుతుంది.

ట్రైనింగులో చెప్పారన్న లెక్క మాకూ చెప్పారు: మన భావం ఎదుటివాళ్లకు చేరడంలో మాటలది 7 శాతం, గొంతుది 38, ముఖానిది 55 అని. నేనూ శ్రద్ధగా రాసుకున్నాను. అవి ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో సహచరులతో చేసిన ప్రయోగాల అంకెలని చాలా ఏళ్లకు గాని తెలియలేదు. మాట ఒకటి, గొంతో ముఖమో ఇంకొకటి చెబుతుంటే, ఎదుటివాడికి తన మీద ఇష్టం ఉందా లేదా అన్నది వినేవాడు దేన్నిబట్టి తేల్చుకుంటాడు? ఆయన చూసింది అంతవరకే. పంటరుణం ఎప్పటిలోగా కట్టాలని రైతు అడిగితే, నీ ముఖం చూసి 55 శాతం తెలుసుకోలేడుగా!

కానీ నోటికీ ఒంటికీ పొత్తు కుదరకపోతే జనం ఒంటినే నమ్ముతారన్నది నాకు అనుభవమే. నేను బ్యాంకు ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, పెన్షన్ల రోజు. బయట మెట్లదాకా జనం. ఒక పెద్దావిడ చేత వేలిముద్ర వేయించి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, పాస్‌బుక్కును ఎడంచేత్తో ఆవిడ వైపు తోశాను. నా కళ్లు అప్పటికే వెనకాయన వోచరు మీదున్నాయి. పల్లెత్తు మాటన్లేదు. ఆవిడ పుస్తకాన్ని కళ్లకద్దుకుని, “నామీద కోపమా నాయనా?” అంది.

ఏం చెప్పను? ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ తర్వాత కాగితం కంటే ముందు మనిషి ముఖం చూడడం, ఏదిచ్చినా కుడిచేత్తో అందించడం అలవాటు చేసుకున్నాను. వేలిముద్ర వేసినవాళ్లకు సిరా తుడుచుకోవడానికి గుడ్డముక్క నేనే ఇచ్చేవాణ్ణి. సర్వర్ పనిచేయకపోతే నువ్వు స్క్రీను కేసి గొణక్కు, కుర్చీ వాళ్లవైపు తిప్పి చెప్పు. కళ్లలోకి చూసి మాట్లాడమంటారే, అదీ కాస్త చూసి చెయ్యి. పెద్దవాళ్లను రెప్పవేయకుండా చూస్తే మన ఊళ్లలో పొగరంటారు.

మధ్యాహ్నం మూడు దాటాక మాత్రం ఏ విద్యా పనిచేయదు. ముఖం దానంతటదే వాడిపోతుంది, నవ్వు తెచ్చిపెట్టుకున్నా తెలిసిపోతుంది. అలాంటప్పుడు లేచివెళ్లి చన్నీళ్లతో ముఖం కడుక్కునిరా. క్యాష్ డ్రాయరుకు తాళం వేసి వెళ్లు సుమా.

ఇట్లు,
మామయ్య