ఎండిన చెరువు పటములో నిలుచుటెట్లు?

మన కోలారు సీమలో జీవనది లేదు, చెరువులే ఆధారము. నేడు వానిని ఉపగ్రహ చిత్రములనుండి భౌగోళిక సమాచార వ్యవస్థలో పటములుగా గూర్చుచున్నారు.

నీరు ఆకుపచ్చ కాంతిని కొంత మరలించును. సమీప పరారుణ కిరణములను దాదాపు పూర్తిగా పీల్చుకొనును. ఈ భేదమునుబట్టి మెక్‌ఫీటర్సు అను శాస్త్రజ్ఞుడు 1996లో నీటిసూచిక నేర్పరచెను. లాండ్‌శాట్ చిత్రమున ఒక్కొక్క గడి 30 మీటర్లు. అంతకన్న చిన్న కుంట అందు తేటగా కానరాదు. గుర్రపుడెక్క కప్పిన చెరువు పచ్చని పొలమువలె తోచును.

ఇక ఎండిన చెరువు మాట? వేసవి చిత్రమొక్కటే చూచినవారు దానిని బంజరనుకొందురు. బంజరన్నచో ఆక్రమణకు దారి తెరచినట్లే! కావున పలు సంవత్సరముల చిత్రములపై పాత గ్రామపటములలోని చెరువు హద్దులను పరచి చూడవలెనని మేము చెప్పుచుందుము.

విద్యార్థులారా, మీ ఊరి చెరువు పేరును, అలుగు, తూము ఉన్న చోట్లను పెద్దలనడిగి, తెలుగునను కన్నడమునను వ్రాసి తెండు. కట్ట పొడవును అడుగులతో కొలిచినను చాలును.