మంచి ఆల్బమ్ ఎందుకు అమ్ముడుపోదు? స్టూడియో బయట ఉన్న కొలువులు

బీట్లు కట్టే కుర్రాళ్లలో చాలామందికి ఒక నమ్మకం ఉంటుంది. మిక్సింగ్, మాస్టరింగ్ గట్టిగా కుదిరితే ఆల్బమ్ తనంతట తానే జనంలోకి వెళ్లిపోతుందని. ఇంట్లోవాళ్లను ఒప్పించి ల్యాప్‌టాప్, మైకు, మానిటర్ స్పీకర్లు కొనేది ఆ నమ్మకంతోనే. పని బాగా నేర్చుకోవాలన్న తపనలో తప్పేమీ లేదు. కానీ సంగీతంలో బతుకుతెరువు వెతుక్కునేవాళ్లు, అద్భుతంగా తయారై కూడా మార్కెట్లో చతికిలపడిన ఆల్బమ్‌ను ఒక్కదాన్నైనా లోతుగా చదవాలి. నా దృష్టిలో అందుకు 1989లో అమెరికాలో వచ్చిన 'పాల్స్ బొటీక్'ను మించినది లేదు.

దాన్ని చేసిన బీస్టీ బాయ్స్ న్యూయార్క్ కుర్రాళ్లు ముగ్గురు. డెఫ్ జామ్ కంపెనీ 1986లో విడుదల చేసిన వాళ్ల తొలి ఆల్బమ్ 'లైసెన్స్‌డ్ టు ఇల్', బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో మొదటి స్థానానికి చేరిన తొలి ర్యాప్ ఆల్బమ్. ఆ తర్వాత రాయల్టీ డబ్బు దగ్గర కంపెనీతో గొడవ వచ్చింది. ముగ్గురూ బయటికొచ్చి క్యాపిటల్ రికార్డ్స్‌తో పెద్ద ఒప్పందం చేసుకున్నారు. లాస్ ఏంజెలెస్‌లో డస్ట్ బ్రదర్స్ అనే ప్రొడ్యూసర్ల జంటతో, మరో ప్రొడ్యూసర్ మ్యాట్ డైక్‌తో కలిసి పనిలోకి దిగారు. పాత రికార్డుల నుంచి వందకు పైగా శాంపిళ్లు తీసుకుని, ఒకదానిమీద ఒకటి పేర్చి పాటలు అల్లారు. కంప్యూటర్ మీద రెండు క్లిక్కులతో ముక్క కోసుకునే రోజులు కావవి. ఈనాటికీ ప్రొడ్యూసర్లు ఆ ఆల్బమ్‌ను పాఠంలా వింటారు.

'పాల్స్ బొటీక్' 1989 జులై 25న విడుదలైతే ఆల్బమ్ చార్టులో 14వ స్థానం దాటి పైకి వెళ్లలేదు. ముందు వదిలిన పాట 'హే లేడీస్' పాటల చార్టులో 36 దగ్గర ఆగింది. కొత్త బృందానికైతే ఆ 14వ స్థానమే పండుగ. కంపెనీ మాత్రం వాళ్ల పాత అమ్మకాలు చూసి డబ్బు పెట్టింది, కాబట్టి దాని లెక్కలో ఇది ఫ్లాపు. ఇక్కడే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఆల్బమ్ గెలిచిందా ఓడిందా అన్నది అమ్ముడుపోయిన కాపీల సంఖ్య ఒక్కటే తేల్చదు. ముందుగా ఎంత ఖర్చుపెట్టారు, ఎంత ఆశించారు అన్నవే తేలుస్తాయి. చిన్న బడ్జెట్‌తో నెమ్మదిగా కోలుకోగల ఆల్బమ్‌ను పెద్ద అడ్వాన్సు మొదటి నెలలోనే ఓడిపోయినట్టు చూపించగలదు.

మరి ప్రొడక్షన్‌లో లోపం ఉందా? అదే 1989లో ర్యాపర్ టోన్ లోక్ ఆల్బమ్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. అందులోని 'వైల్డ్ థింగ్' వెనక ఉన్నది కూడా మ్యాట్ డైక్, డస్ట్ బ్రదర్స్ బృందమే. అవే చేతులు, అదే సంవత్సరం. ఒకటి దేశమంతా మోగింది, ఒకటి ఆగిపోయింది. అంటే తేడా మిక్సింగ్ గదిలో లేదు.

తేడా ఎక్కడుందో చూద్దాం. 'లైసెన్స్‌డ్ టు ఇల్' కొన్నవాళ్లలో ఎక్కువమందికి కావాల్సింది గిటార్ హోరుతో కూడిన పార్టీ పాటలు. వాళ్ల చేతికి వచ్చింది నాలుగైదుసార్లు వింటేగానీ లోపలికి రానివ్వని ఆల్బమ్. పాత శ్రోతకు ఇది కొత్త దారి అని ముందుగా చెప్పినవాళ్లు లేరు, కొత్త శ్రోతను వెతికి పట్టుకున్నవాళ్లూ లేరు. విడుదల కాలానికి కంపెనీ పైస్థాయిలో మనుషులు మారారు. ఒప్పందం కుదిర్చిన మనిషి కుర్చీలో లేకపోతే, ప్రమోషన్ బడ్జెట్ సమావేశంలో ఆ ఆల్బమ్ కోసం వాదించేవాళ్లు ఉండరు. కొత్తగా వచ్చినవాళ్లకు అది తమ ఆల్బమ్ అనిపించదు. దానికితోడు బృందం ఈ ఆల్బమ్‌తో ఊరూరా తిరిగి కచేరీలు చేయలేదు. రేడియోలో వినబడని పాట వేదికమీదైనా వినబడాలి. ఆ దారీ మూసుకుపోయింది.

తర్వాతి కథ కూడా తెలుసుకోవాలి. బీస్టీ బాయ్స్ సొంత స్టూడియో పెట్టుకున్నారు, గ్రాండ్ రాయల్ పేరుతో సొంత లేబుల్ పెట్టారు, వాయిద్యాలు పట్టుకుని 1992లో 'చెక్ యువర్ హెడ్' చేసి విస్తారంగా కచేరీలిచ్చారు. 1994 నాటి 'ఇల్ కమ్యూనికేషన్' మొదటి స్థానంలోకి వెళ్లింది. 'పాల్స్ బొటీక్' కూడా మెల్లగా అమ్ముడవుతూ 1999లో డబుల్ ప్లాటినం అయింది. డస్ట్ బ్రదర్స్ 1996లో గాయకుడు బెక్ కోసం 'ఓడిలే' చేశారు, మరుసటి ఏడాది హాన్సన్ సోదరుల 'మ్మ్‌మ్‌బాప్'లో పనిచేశారు. ఒక ఫ్లాపు వాళ్లకు అన్నం లేకుండా చేయలేదు. ఆల్బమ్ అట్టమీద వాళ్ల పేర్లు ఉన్నాయి, పని విన్న తోటి కళాకారులు వెతుక్కుంటూ వచ్చారు. అందుకే మీరు చేసిన ప్రతి పాటలో మీ పేరు, మీరు చేసిన పని సరిగ్గా నమోదయ్యాయో లేదో చూసుకోవాలని పదేపదే చెబుతాను.

ఇంకో రకం నష్టం కాగితాల వల్ల వస్తుంది. డి లా సోల్ అనే ర్యాప్ బృందం తొలి ఆల్బమ్ కూడా 1989లోనే వచ్చింది, బాగా ఆడింది. అయినా శాంపిళ్ల అనుమతుల చిక్కుల వల్ల 2023 మార్చి దాకా స్ట్రీమింగ్ సేవల్లోకి రాలేకపోయింది. ఒక తరం శ్రోతలకు అది అందుబాటులోనే లేదు. ర్యాపర్ నాస్ 1994లో తెచ్చిన 'ఇల్మాటిక్'కు ఎదురైన కష్టం వేరు. విమర్శకులు నెత్తిన పెట్టుకున్న ఆ ఆల్బమ్ విడుదలకు ముందే దొంగ క్యాసెట్లుగా వీధుల్లోకి వచ్చేసింది. చార్టులో 12 దగ్గర ఆగింది, ప్లాటినం కావడానికి 2001 దాకా పట్టింది.

ఈ కథల్లో ఖాళీగా కనబడే కుర్చీలే మీకు ఉద్యోగాలు. శ్రోతను గుర్తించి ముందు ఏ పాట వదలాలో తేల్చేవాళ్లు, లేబుల్ లోపల కళాకారుడి తరఫున మాట్లాడే ఏ అండ్ ఆర్ మనిషి, శాంపిళ్లకు అనుమతులు తెచ్చే లైసెన్సింగ్ వాళ్లు, కచేరీలు కుదిర్చే బుకింగ్ ఏజెంట్, స్ట్రీమింగ్ అంకెలు చదివి ఏ ఊళ్లో వింటున్నారో చెప్పే విశ్లేషకులు. తెలుగులో ఈ అవసరం మరీ ఎక్కువ. మన దగ్గర పాట అంటే ఇప్పటికీ ఎక్కువగా సినిమా పాటే. దానికి లిరికల్ వీడియో, ప్రీ రిలీజ్ ఈవెంట్, హీరో అభిమానులు అండగా ఉంటారు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో సొంతంగా ఆల్బమ్ చేసిన ర్యాపర్‌కు వీటిలో ఏదీ ఉండదు. ఆ పని మొత్తం ఎవరో ఒకరు చేయాలి. బీకామ్ చదివినా, ఎంబీఏ చదివినా, స్టాటిస్టిక్స్ చదివినా ఇందులో చోటుంది.

సౌండ్ వైపే వెళ్తామంటే పుణెలోని ఎఫ్‌టీఐఐలో, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో డిగ్రీ తర్వాత సౌండ్ కోర్సులున్నాయి. చెన్నైలో రెహమాన్ స్థాపించిన కేఎం మ్యూజిక్ కన్జర్వేటరీ ఉంది. హక్కుల వైపు ఆసక్తి ఉంటే ప్రపంచ మేధోసంపత్తి సంస్థ (వైపో) ఆన్‌లైన్‌లో ఉచితంగా నేర్పే డీఎల్-101 కోర్సుతో మొదలుపెట్టండి. లా విద్యార్థులకు ఇది పెద్ద అవకాశం. సంగీత ఒప్పందం చదివి వివరించగల తెలుగు లాయర్ల కోసం కళాకారులు వెతుక్కుంటున్నారు.

ఏ కుర్చీలో కూర్చున్నా డబ్బు లెక్క మాత్రం రావాలి. అడ్వాన్సు జీతం కాదు, మీ వాటాలోంచి తిరిగి పట్టుకునే సొమ్ము. ఉదాహరణకు రూ.5 లక్షల అడ్వాన్సు, 20 శాతం రాయల్టీ అనుకోండి. ఆల్బమ్ రూ.25 లక్షలు సంపాదించేదాకా మీకు ఇంకొక్క రూపాయి రాదు. రికార్డింగ్, వీడియో ఖర్చులూ అందులోంచే పట్టుకుంటామని ఒప్పందంలో ఉంటే ఆ గీత ఇంకా పైకి జరుగుతుంది. స్పాటిఫైలో 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్‌లు లేని పాటకు రాయల్టీ లెక్కే ఉండదు.

మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ వల్ల గీత రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో వాటా హక్కు దక్కింది. దాన్ని కంపెనీ పేర రాసివ్వమంటే చెల్లదు. అయితే చట్టం దృష్టిలో రికార్డింగ్‌కు నిర్మాత అంటే చొరవ, బాధ్యత తీసుకుని దాన్ని తయారుచేయించినవారు. అంటే బీట్ కట్టినంత మాత్రాన నిర్మాత కారు; బీట్ కట్టినవారు స్వరకర్తగా పేరు వేయించుకోకపోతే ఆ వాటా కోసం తర్వాత పోరాడాల్సి వస్తుంది. పాట విడుదల కాకముందే ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసి సంతకాలు చేయించుకోండి. గీత రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలు వసూలు చేసిపెట్టే ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి.

ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చేసే ముందు ఒక అభ్యాసం చేయండి. ఈమధ్య వచ్చిన తెలుగు స్వతంత్ర ర్యాప్ ఆల్బమ్ ఒకటి ఎంచుకోండి. ముందు ఏ పాట వదిలారు, అది ఎవరిని ఉద్దేశించింది, విడుదలకు ముందు ఎన్ని వారాలు జనంతో మాట్లాడారు, కచేరీలు ఎక్కడ చేశారు, క్రెడిట్లలో ఎవరి పేరు ఉంది, ఎవరిది లేదు? మీ చేతిలో ఉంటే ఏం మార్చేవారో కలిపి రెండు పేజీలు రాసి దరఖాస్తుకు జతచేయండి. ఇంటర్వ్యూలో ప్రశ్నలు ఆ రెండు పేజీల మీదే పడతాయి.