బుడుగు, కాంట్రాక్టరు, తుత్తి: ముళ్లపూడి దగ్గర ఒక పాఠం

మన క్లబ్‌లో చాలామందిది ఒకటే పరిస్థితి. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీష్. నాదీ అంతే. మా అమ్మమ్మ ఏం మాట్లాడినా నాకు అర్థమవుతుంది. ఆమె చదివే నవల చేతిలో పెడితే మాత్రం రెండో పేజీలో ఆగిపోతాను. అంటే తెలుగు మన చెవికి వచ్చింది, కంటికి రాలేదు. ఇలాంటివాళ్లు ఎవరితో మొదలుపెట్టాలి? నా జవాబు: ముళ్లపూడి వెంకటరమణ.

ముందు ఆయన గురించి కొంచెం. 1931 జూన్ 28న ధవళేశ్వరంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే తల్లితో మద్రాసు చేరారు. అక్కడ చదువుకునేటప్పుడే బాపుతో స్నేహం కుదిరింది. 1945లో, స్కూల్లో ఉండగానే, 'బాల' పత్రికలో మొదటి కథ అచ్చయింది. తర్వాత ఆంధ్రపత్రికలో సబ్ ఎడిటర్ ఉద్యోగం. 'బుడుగు' వచ్చింది ఆ పత్రిక రోజుల్లోనే.

బుడుగు ఏడెనిమిదేళ్ల పిల్లాడు అనుకోండి. అమ్మని రాధ అంటాడు, నాన్నని గోపాళం అంటాడు. పెద్దవాళ్లు ఇంట్లో ఒకరినొకరు పిలుచుకునేది వాడు విన్నాడు, అదే వాడాడు. వాడి లాజిక్‌లో తప్పేమీ లేదు! పెద్దవాళ్ల మాటల్ని ఉన్నవి ఉన్నట్టు నమ్మితే ఎంత గందరగోళమో మనకి తెలిసేది అప్పుడే. నవ్వు అక్కడ పుడుతుంది. పుస్తకమంతా వాడే మాట్లాడతాడు కాబట్టి గ్రాంథికం తెలియకపోయినా పర్లేదు. పైకి చదివితే చాలు, మనింట్లో పిల్లాడు వాగుతున్నట్టే ఉంటుంది.

రెండో మెట్టు 'రుణానందలహరి'. పేరులోనే జోక్ ఉంది. శంకరాచార్యుల పేరుతో ప్రసిద్ధమైన 'శివానందలహరి' గుర్తొచ్చేలా అప్పులకి ఆ గౌరవం ఇచ్చారు. అందులో హీరో అప్పారావు అప్పు అడగడాన్ని ఒక కళలాగా, ఒక తత్వంలాగా మాట్లాడతాడు. చిన్న పనికి పెద్ద భాష తొడగడం ఇక్కడి పద్ధతి. నవ్వుతూనే ఉంటాం, కానీ నెలాఖరులో మధ్యతరగతి జేబు ఎలా ఉంటుందో కూడా చూసేస్తాం.

సినిమాకి వచ్చాక ఆయనకి పేరు తెచ్చింది నవ్వు కాదు, ఏడుపు. 1962లో 'రక్తసంబంధం'కి మాటలు రాశారు. అన్నాచెల్లెళ్ల కథ, తమిళ 'పాశమలర్'కి రీమేక్. నవ్వించేవాడు ఏడిపించగలడా అనే అనుమానం ఆ సినిమాతో తీరిపోయింది. 1967లో బాపు మొదటి సినిమా 'సాక్షి'. 1975లో 'ముత్యాల ముగ్గు'.

'ముత్యాల ముగ్గు'లో రావు గోపాలరావు వేసిన కాంట్రాక్టరుని గమనించండి. అరవడు. తాపీగా కళ గురించి మాట్లాడుతూ ఒక ఆడపిల్ల కాపురం కూల్చే ప్లాన్ వేస్తాడు. అతను 'పోషణ' అనడు, 'పోసన' అంటాడు. మన కోడ్‌లో ఒక్క అక్షరం తప్పితే ఎర్రర్ వస్తుంది. ఇక్కడ ఒక్క అక్షరం మారితే మనిషి వచ్చాడు! ఆ సినిమా చూడనివాళ్లు కూడా 'కళాపోసన' అంటుంటారు. 1993లో 'మిస్టర్ పెళ్లాం'లో ఏవీఎస్ నోట 'తృప్తి'ని 'తుత్తి' చేసిందీ ఇదే పద్ధతి.

టీవీనీ వదల్లేదు. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు బాపుతో కలిసి స్కూలు పిల్లల కోసం వీడియో పాఠాలు తయారుచేశారు. తర్వాత ఈటీవీకి 'భాగవతం' సీరియల్. చివర్లో స్వాతి వీక్లీలో ఆత్మకథ 'కోతికొమ్మచ్చి' రాశారు. ఆ ఆటలో కొమ్మ మీంచి కొమ్మకి దూకినట్టే, సంవత్సరాల వరసతో పని లేకుండా జ్ఞాపకం మీంచి జ్ఞాపకానికి దూకుతారు. చిన్నప్పటి కష్టాలు కూడా అందులో నవ్వుతూనే చెబుతారు. 2011 ఫిబ్రవరి 24న చెన్నైలో పోయారు.

పత్రిక, సినిమా, టీవీ ఇన్ని మారినా పద్ధతి మారలేదు. మనిషి ఎలా మాట్లాడతాడో వినడం, ఆ యాసతోనే మనిషిని నిలబెట్టడం. అయితే ఆయన విన్నది ఎక్కువగా గోదావరి మాట. మరి మన నెల్లూరు మాట సంగతేంటి? 'యాడికి', 'ఏంది', 'పిల్లకాయలు' అని రాస్తే సాహిత్యం అవుతుందా? అవుతుంది. మన కావలి నుంచి వచ్చిన మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' చదవండి. పేరులోనే 'కథలు' కాదు, 'కతలు'.

ఇక మీకు హోంవర్క్. 'బుడుగు' నాలుగు పేజీలు పైకి చదవండి, లోపల్లోపల కాదు. తర్వాత మైపాడు బీచ్‌లోనో, బస్టాండులోనో, మీ వంటింట్లోనో విన్న ఒక సంభాషణని పది లైన్లు రాయండి. యాసని సరిచేయొద్దు, విన్నది విన్నట్టు పెట్టండి. ముందు మీ అమ్మమ్మ మాటతో మొదలుపెట్టండి. ఆమెలా మాట్లాడేవాళ్లు మన తరంలో ఎవరూ లేరు. మనం రాసి పెట్టకపోతే ఆ మాట ఆమెతోనే పోతుంది.