కళ్ళకు కట్టుకునే ఆట

గుంటూరు జిల్లా నుంచి ఒక అమ్మమ్మ అమెరికా వెళ్ళింది. డాలస్ అనే ఊళ్ళో కూతురి ఇల్లు. మనవడికి 11 ఏళ్ళు.

ఒక సాయంత్రం మనవడు గది మధ్యలో నిలబడ్డాడు. కళ్ళకు డబ్బాలాంటిది కట్టుకున్నాడు. చేతులు గాల్లో ఊపుతున్నాడు. వంగుతున్నాడు. ఎగురుతున్నాడు. అమ్మమ్మ హడలిపోయింది.

"ఏందే ఇది? పిల్లాడికి గాలి సోకిందా?" అంది.

కూతురు నవ్వింది. "కాదమ్మా, అది ఆట. వి.ఆర్. అంటారు" అంది.

ఆ డబ్బాలో రెండు కళ్ళకు రెండు అద్దాలు ఉంటాయి. అద్దాల వెనక బొమ్మలు కదులుతాయి. తల ఎటు తిప్పితే ఆ వైపు బొమ్మ కనపడుతుంది. నిజంగా అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది. కొండ అంచు చూపిస్తే కాళ్ళు వణుకుతాయి. గదిలో బల్ల ఉందన్న సంగతి మరిచిపోతారు. మోకాలికి తగిలితే గుర్తొస్తుంది.

మర్నాడు అమ్మమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది. డబ్బాలోంచి ఒక గొంతు వినపడింది. అది పిల్లల గొంతు కాదు. మగమనిషి గొంతు. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ మనవడి బడి పేరు తెలుసు. మనవడు ఆ గొంతుకు తన బడి పేరు చెప్పాడు.

"ఎవర్రా అతను?"

"నా ఫ్రెండ్, అమ్మమ్మా."

"పేరేంటి? ఇల్లెక్కడ?"

"తెలీదు."

అమ్మమ్మ పళ్ళెం పక్కన పెట్టింది. కూతుర్ని పిలిచింది. "ముక్కూ మొహం తెలియనోడికి బడి పేరు చెప్పాడే! మన అరుగు మీద కొత్తమనిషి కూర్చుంటే ఏ ఊరని అడగమా?" అంది.

కూతురు చూసింది. పిల్లవాడు తండ్రి ఖాతాతో ఆడుతున్నాడు. ఆడేది పెద్దవాడే అని ఆట అనుకుంది. అందుకే ఏదీ అడ్డుకోలేదు.

ఈ డబ్బా పేరు క్వెస్ట్. మెటా అనే కంపెనీ చేస్తుంది. ముందు 13 ఏళ్ళు నిండిన వాళ్ళకే అన్నారు. 2023లో 10 ఏళ్ళకు దించారు. అయితే 10 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు తల్లో తండ్రో ఖాతా తెరవాలి. సోనీ కంపెనీ మాత్రం తన డబ్బా 12 ఏళ్ళలోపు పిల్లలకు వద్దంటుంది. వయసు చెప్పేది కంపెనీయే, అమ్ముకునేదీ కంపెనీయే. ఆ పైన ఇంట్లోవాళ్ళు చూసుకోవాలి.

ఆ రాత్రి కూతురు అసలు పుట్టినతేదీ వేసి పిల్లవాడికి ఖాతా తెరిచింది. ఇక తాళంచెవి ఆమె ఫోన్లోనే. కొత్త ఆటకు ఆమె ఒప్పుకోవాలి. రోజుకు ఎంతసేపో ఆమె పెడుతుంది. పిల్లవాడు చూసే బొమ్మను తనూ ఫోన్లో చూడొచ్చు. అరగంట ఆడితే 10, 15 నిమిషాలు ఆపమని కంపెనీయే చెబుతుంది. తల తిరిగినా, కళ్ళు లాగినా వెంటనే తీసెయ్యాలి.

మనవడు అలిగాడు. అన్నం ముట్టలేదు. అమ్మమ్మ పెరుగన్నం కలిపి ముద్ద పెట్టింది.

"నీ తప్పేం లేదురా. తలుపు తీసిపెట్టింది పెద్దవాళ్ళు" అంది. అల్లుడు విన్నాడు. ఏమీ అనలేదు.

రెండు రోజులకు మనవడు కొత్త ఆట కావాలన్నాడు. సముద్రంలో చేపల ఆట అట.

"ముందు నేను చూస్తా" అంది అమ్మమ్మ. కుర్చీలో కూర్చుని డబ్బా కట్టించుకుంది. రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుంది.

"అబ్బో! ఎంత పెద్ద చేపరా!" అంది.