మూడే కార్డులు, ఇంపైన వాద్యము
(సంఘ గానమునకు తోడ్పడు యౌవనులకు ఒక పాఠము)

చదువవలసిన వాక్యభాగములు: 1 కొరింథీయులకు 14:7–9, 2 దినవృత్తాంతములు 5:11–14.



కృష్ణ ఒడ్డున నున్న అమరావతి మొదలుకొని ఒంగోలు వరకు, ప్రత్తి చేల నడుమను మిరప కల్లముల ప్రక్కను నిలిచియున్న మన చిన్న మందిరములలో హార్మోనియము ఉండిన చోట ఇప్పుడు అనేక స్థలములలో కీబోర్డు కనబడుచున్నది. పగలు పొలము పనికో కళాశాలకో పోయి, సాయంకాలము దాని ముందర కూర్చుండి నేర్చుకొను పిల్లలను చూచి మనము సంతోషించుచున్నాము. వారు కొన్ని వారములలో మూడు కార్డులు నేర్చుకొందురు. పిమ్మట ఏ పాటకైనను ఆ మూడే, ఒకే విధముగా, ఒకే బలముతో నొక్కుదురు. కొంతకాలమునకు వారికే విసుగు పుట్టును. ఆ విసుగు తీర్చుకొనుటకు రిథమ్ మీట నొక్కి, స్పీకరు ధ్వని పెంచుదురు. అప్పుడు ముందు వరుసలో కూర్చున్న ముసలి తల్లులు నోరు మూసికొందురు. పాట వారి గొంతులో నున్నది. యంత్రము దానిని మ్రింగివేసినది.

ఈ నెల పాఠము ఇందును గూర్చియే. విసుగునకు మందు పెద్ద ధ్వని కాదు, క్రొత్త యంత్రమును కాదు. ఉన్న మూడు కార్డులనే బుద్ధితో వాడుట. ఉప్పు, కారము, గోంగూర ఇవే మూడు ప్రతి ఇంటను ఉన్నవి. అయినను అందరి ఇండ్ల పచ్చడి ఒక్క రుచిగా నుండదు గదా.

1. కార్డు అనగా నేమి?

కార్డు అనగా మూడు స్వరములను ఒక్కసారిగా మ్రోగించుట. కీబోర్డు మీద రెండు నల్ల మెట్లు జతగా నుండు చోట, వాటికి వెంటనే ఎడమ ప్రక్కనున్న తెల్ల మెట్టును ‘స’ అని పెట్టుకొనుడి. అక్కడనుండి తెల్ల మెట్లు వరుసగా స రి గ మ ప ద ని యగును. మన సంగీతములో ఇది శంకరాభరణ రాగపు స్వరముల వరుస. పాశ్చాత్యులు దీనినే మేజరు స్కేలు అందురు. మన మూడు కార్డులు ఇవి:

మొదటి కార్డు: స గ ప.
నాలుగవ కార్డు: మ ద స.
అయిదవ కార్డు: ప ని రి.

ఈ మూడింటిని కలిపి చూడుడి. ఏడు స్వరములును వాటిలో వచ్చినవి. అందుచేతనే ఈ వరుసలో నడచు పాటలో ఏ స్వరమునకైనను ఈ మూడింటిలో ఒకటి తోడు దొరకును. పాట ఏ స్వరము మీద ఎక్కువసేపు నిలుచుచున్నదో వినుడి. ‘గ’ మీద నిలిచినయెడల మొదటి కార్డు. ‘మ’ లేక ‘ద’ మీద నిలిచినయెడల నాలుగవది. ‘రి’ లేక ‘ని’ మీద నిలిచినయెడల అయిదవది. ‘స’, ‘ప’ అను రెండును రెండేసి కార్డులలో నున్నవి గనుక అక్కడ మీ చెవియే తీర్పు చెప్పవలెను.

2. దగ్గరి దారిని నడువుడి

నేర్చుకొనువారు సాధారణముగా చేయి మొత్తము ఎత్తి, ఒక కార్డునుండి మరియొక కార్డునకు దూకుదురు. ధ్వని కూడ అట్లే దూకును. ప్రక్క మడిలోనికి పోవుటకు ఊరంతయు చుట్టి రానక్కరలేదు. గట్టు మీద ఒక అడుగు వేసిన చాలును.

‘స గ ప’ పట్టియుండుడి. నాలుగవ కార్డునకు పోవలసినప్పుడు ‘స’ మీది వ్రేలు కదల్పక, ‘గ’ను ‘మ’కును, ‘ప’ను ‘ద’కును జరుపుడి. ‘స మ ద’ వచ్చినది. ఇది ‘మ ద స’ యే, వరుస మాత్రము మారినది. తిరిగి ‘స గ ప’కు రండి. ఇప్పుడు ‘ప’ను కదల్పక, ‘స’ను క్రింది ‘ని’కిని, ‘గ’ను ‘రి’కిని దించుడి. ‘ని రి ప’ వచ్చినది. ఇది అయిదవ కార్డే. రెండు మార్పులలోను రెండేసి వ్రేళ్లు ఒక్కొక్క మెట్టు నడచినవి, ఒక వ్రేలు స్థిరముగా నున్నది. నిలిచిన ఆ స్వరమే రెండు కార్డులను కలిపి కట్టును. ఈ ఒక్క అభ్యాసము మీ వాద్యమును సగము మార్చివేయును.

అట్లే ‘స గ ప’ను ‘గ ప స’ అనియు, ‘ప స గ’ అనియు వరుస మార్చి పట్టవచ్చును. స్వరములు అవే, కాని పైన నున్న స్వరము మారుటచేత రంగు మారును. పాటలోని స్వరమునే కార్డు పైభాగమున ఉంచినయెడల పాడువారికి దారి తెలియును.

3. కార్డును విడదీయుడి

మూడు స్వరములను ఎల్లప్పుడు ఒక్కసారిగా కొట్టనక్కరలేదు. కీబోర్డు మీద ఎడమ చేతితో క్రింది ‘స’ ఒక్కటే మొదటి లెక్కకు పెట్టి, తక్కిన లెక్కలకు కుడి చేతితో కార్డును మెల్లగా పెట్టుడి. మూడు లెక్కల పాటకు: క్రింది స్వరము, కార్డు, కార్డు. నాలుగు లెక్కల పాటకు: క్రింది స్వరము, కార్డు, క్రింది ‘ప’, కార్డు. నిదానమైన ప్రార్థన పాటకు ‘స, గ, ప, గ’ అని ఒక్కొక్క స్వరమును పొడిగా గాక, ఒకదానిలోనికి ఒకటి జారునట్లు వాయించుడి.

చేతి హార్మోనియము వాయించువారికి ఎడమ చేయి తిత్తి ఊదుటకే సరిపోవును. అట్టివారు పాటను కుడిచేతితో నడుపుచు, చరణము చివర పాట నిలుచు చోట మాత్రమే కార్డు పట్టిన చాలును. ప్రతి స్వరమునకు కార్డు వేయుట ప్రతి ముద్దకు ఊరగాయ నంజుకొన్నట్లు.

4. ఒక స్వరము మార్చుడి, ఒకటి చేర్చుడి

ఇందులో నాలుగు చిన్న మార్గములు కలవు.

మొదటిది. ‘స గ ప’ పట్టి, ‘ప’ మీది వ్రేలిని ‘ద’కు జరుపుడి. ‘స గ ద’ వచ్చును. దీనిని మైనరు కార్డు అందురు. ఒక్క వ్రేలు కదలినంత మాత్రమున ధ్వనిలో దుఃఖము, లోతు కలుగును. శ్రమల పాటలకును పశ్చాత్తాప కీర్తనలకును ఇది తగినది.

రెండవది. ‘స మ ప’ అని పట్టి, ఒకటి రెండు లెక్కలు ఆగి, ‘మ’ను ‘గ’కు దించుడి. ఎదురుచూచినది వచ్చినట్లు చెవికి తృప్తి కలుగును.

మూడవది. అయిదవ కార్డులో ‘మ’ చేర్చుడి: ‘ప ని రి మ’. నాలుగు వ్రేళ్లు కష్టమైనచో ‘రి’ని విడిచి ‘ని మ ప’ పట్టుడి. ఈ కార్డు తనంతట తాను నిలువలేదు. ‘ని’ పైకి ‘స’లోనికిని, ‘మ’ క్రిందికి ‘గ’లోనికిని పోగోరును. గనుక చరణము ముగిసి పల్లవికి తిరిగి వచ్చు చోట దీనిని వాడినయెడల, ఎవరును చెప్పకయే సంఘమంతయు ఒక్కసారిగా పల్లవి ఎత్తుకొనును.

నాలుగవది. పాట చివర ‘ఆమేన్’ అనునప్పుడు నాలుగవ కార్డునుండి మొదటి కార్డునకు, అనగా ‘స మ ద’నుండి ‘స గ ప’కు, నెమ్మదిగా రండి. పాశ్చాత్య సంఘములలో ఆమేనునకు బహు కాలమునుండి ఇట్లే వాయించుచున్నారు.

5. మన కీర్తనల యెడల జాగ్రత్త

ఇంతవరకు చెప్పినది శంకరాభరణమువంటి వరుసలో నడచు పాటలకు సరిపోవును. అయితే మన పాటలన్నియు అట్టివి కావు. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మొదలైన భక్తులు మన దేశపు రాగములలో కీర్తనలు కట్టిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో పాట నెత్తిన రాగము, తాళము ముద్రింపబడియుండుట మీరు చూచియుందురు. ఆ చిన్న అక్షరములను దాటిపోవద్దు.

మోహన రాగమును తీసికొనుడి. అందులో స రి గ ప ద అను అయిదు స్వరములే గలవు. ‘మ’ లేదు, ‘ని’ లేదు. అట్టి పాటకు ‘మ ద స’ వేసినయెడల రాగములో లేని స్వరము పిలువని చుట్టమువలె వచ్చి కూర్చుండును. అక్కడ ‘స గ ప’, ‘స గ ద’ అను రెండు కార్డులను వాడుడి. అయిదవ కార్డు కావలసిన చోట ‘ని’ని విడిచి ‘ప రి’ మాత్రము పట్టుడి. పాటకు హాని కలుగదు.

మాయామాళవగౌళలో ‘రి’యు ‘ద’యు తగ్గు స్వరములు, అనగా వాటి ఎడమ ప్రక్కనున్న నల్ల మెట్లు. అక్కడ ‘ప ని రి’ కలిసి మ్రోగినప్పుడు నిలుకడ లేని ధ్వని పుట్టును. గనుక అట్టి కీర్తనలకు ‘స ప’ అను రెండు స్వరములనే తంబురవలె మెల్లగా నిలిపియుంచి, పాటను గొంతులకు అప్పగించుట మేలు.

వాద్యమునకు కూడ హద్దు కలదని ఎరుగవలెను. హార్మోనియము ఐరోపాలో 1840ల ప్రారంభమున పేరు పొందినది. హయ్యరు దొరగారు గుంటూరు వచ్చినది 1842లో. 1875 నాటికి కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేల మీద కూర్చుండి వాయించు చేతి హార్మోనియమును తయారు చేసెను. అది ఊరూరను భజనలోను నాటకములోను మందిరములోను చోటు సంపాదించుకొన్నది. అయినను దాని మెట్లు కదలని స్వరములు. మన గొంతు ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారునట్లు, ఊగునట్లు అది పలుకలేదు. ఇట్టి కారణములచేత ఆలిండియా రేడియో 1940 మొదలు 1971 వరకు హార్మోనియమును నిషేధించెను. సాధారణ కీబోర్డు మెట్లకు కూడ ఇదే కొరత. గనుక గొంతు గమకము పలుకు చోట వాద్యము వెనుకకు తగ్గవలెను.

తాళము విషయమును అట్టిదే. త్రిపుట తాళమునకు ఏడు లెక్కలు: మూడు, రెండు, రెండు. కీబోర్డులోని నాలుగు లెక్కల రిథమ్‌ను దానికి కట్టినయెడల మాటలు విరిగి, అర్థము చెడును. రిథమ్ మీట ఆపివేసి, క్రింది స్వరమును ఒకటవ, నాలుగవ, ఆరవ లెక్కలకు పెట్టుడి. తాళము దానంతట అదే నిలుచును.

6. ముందు వినుడి

పైన చెప్పిన వానియన్నిటికంటె ముఖ్యమైనది ఇది. కార్డులు వెదకుటకు ముందు పాట నేర్చుకొనుడి. పాటను మన పెద్దలయొద్ద నేర్చుకొనుడి. మన సంఘములలో అక్షరము రాకపోయినను అనేక కీర్తనలు చరణములతో సహా కంఠస్థముగా నున్న తల్లులు ఉన్నారు. మిరపకాయలకు తొడిమలు తీయుచు, ప్రత్తి ఏరుచు వారు పాడిన వరుసలలో పుస్తకమునకు ఎక్కనివి కొన్ని గలవు. వారి కాలము గడచిన తరువాత ఆ వరుసను ఏ యంత్రమునుండియు తిరిగి తేలేము. వారు పాడుచుండగా మీరు ‘స’ ఒక్కటే పట్టి వినుడి. వారి గొంతునకు తగిన శ్రుతి కనుగొనుడి. మీ చేతికి సులభమైన శ్రుతికి వారిని లాగవద్దు.

జర్మనీలో 1524లో వెలువడిన మొదటి లూథరను పాటల పుస్తకములో ఎనిమిది పాటలే యుండెను. అవి సామాన్య జనులు తమ భాషలో తామే పాడుటకు కూర్చబడినవి. సంఘము పాడవలెననునదే అక్కడి తలంపు. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాయుచు, వాద్యములు స్పష్టమైన భేదము లేక మ్రోగినయెడల వాయించినది ఎవరికి తెలియునని అడుగుచున్నాడు. సొలొమోను మందిర ప్రతిష్ఠ దినమున ఊదువారును పాడువారును ఏకస్వరముగా నుండిరని దినవృత్తాంతములు చెప్పుచున్నవి. ఈ రెండింటిని కలిపి చదివినయెడల మన కొలబద్ద దొరకును: వాద్యము స్పష్టముగా నుండవలెను, గొంతుతో ఏకమై యుండవలెను. మీరు వాయించుచుండగా చివరి వరుసలోనివారి పాట మీకు వినబడుచున్నదా? వినబడనియెడల ధ్వని తగ్గించుడి.

నాలుగు వారముల అభ్యాసము (దినమునకు పావుగంట)

మొదటి వారము: ‘స గ ప’, ‘స మ ద’, ‘స గ ప’, ‘ని రి ప’, ‘స గ ప’. నిదానముగా, మెట్లను చూడకుండ వచ్చువరకు.
రెండవ వారము: అదే వరుసను విడదీసి, మూడు లెక్కలకును నాలుగు లెక్కలకును.
మూడవ వారము: మైనరు కార్డు, ‘స మ ప’, ‘ని మ ప’, చివర ఆమేన్. తెలిసిన ఒక్క పాటలోనే వీటిని వాడి చూడుడి.
నాలుగవ వారము: ఒక పెద్దమ్మగారియొద్దనో తాతగారియొద్దనో ఒక పాత కీర్తన నేర్చుకొని, దానికి తగిన రెండు కార్డులు మాత్రము కనుగొనుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన మందిరములో పాట నడుపునది గొంతులా, యంత్రమా?
2. మన సంఘములో ఒకరిద్దరికి మాత్రమే వచ్చిన కీర్తనలు ఏవి? వాటిని ఎవరు నేర్చుకొనుచున్నారు?
3. కరెంటు పోయిన ఆదివారమున మన పాట ఆగునా, సాగునా?

యౌవనులారా, మీ చేతులు పది కార్డులు నేర్చుకొనినను, వంద నేర్చుకొనినను మాకు సంతోషమే. అయితే మూడు కార్డులతో నలువది గొంతులను లేపినవాడు, వంద కార్డులతో వాటిని అణచినవానికంటె మంచి వాద్యకారుడు. ఈ ఆదివారము మెల్లగా వాయించి చూడుడి.