కాపురానికి కోర్టు డిక్రీ

పెళ్ళి అనగానే మనకు మూడుముళ్ళూ, ఏడడుగులూ గుర్తొస్తాయి. ఆ ఏడడుగుల వెనకాల ప్రభుత్వం కూడా నడిచి వస్తోందన్న సంగతి, తగాదా కోర్టుకెక్కేదాకా ఎవరికీ తోచదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షనులో సప్తపది ఉంది. రెండు సెక్షన్లు దాటితే తొమ్మిదోది. భార్యగానీ భర్తగానీ తగిన కారణం లేకుండా విడిగా ఉంటే, కాపురానికి వచ్చేలా డిక్రీ ఇమ్మని రెండోవారు కోర్టును అడగవచ్చు. దీనికి దాంపత్య హక్కుల పునరుద్ధరణ అని పెద్ద పేరు.

ఇది మన ధర్మశాస్త్రాల్లోనిదే అనుకునేవాళ్ళు చాలామంది. కానే కాదు. ఇంగ్లండులో చర్చి కోర్టుల్లో పుట్టి, తెల్లదొరల న్యాయస్థానాల ద్వారా మనకు అంటుకుంది. బాల్యంలోనే పెళ్ళయిన బొంబాయి రుఖ్మాబాయి పెద్దదయ్యాక కాపురానికి వెళ్ళనన్నది. భర్త 1884లో దావా వేశాడు. మొదట ఆమె గెలిచినా, 1887లో ‘భర్త దగ్గరికి వెళ్ళు, లేదా ఆరు నెలలు జైలుకు వెళ్ళు’ అన్నది కోర్టు. జైలుకే వెళతానన్నదామె! మరుసటి ఏడు సొమ్ముతో రాజీ కుదిరింది. ఆ తర్వాత ఆమె ఇంగ్లండు వెళ్ళి డాక్టరు చదివింది. 1923లో ఈ డిక్రీలకు జైలుశిక్ష తీసేశారు, ఆస్తి జప్తు మాత్రం మిగిలింది. చిత్రమేమంటే, ఇంగ్లండు 1970లో చట్టం చేసి ఈ దావాను వదిలించుకుంది. మనం దాన్ని భద్రంగా దాచుకున్నాం.

దీన్ని మొదట గట్టిగా నిలదీసింది మన హైకోర్టే. ఒక సినీనటిని కాపురానికి పంపమని భర్త కడప కోర్టులో పిటిషన్ వేశాడు. అదే సరిత కేసు. 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి తొమ్మిదో సెక్షను రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని కొట్టివేశారు. ఆయన తర్కం సూటిగా ఉంటుంది. కాపురమంటే ఒక కప్పు కింద ఉండటం మాత్రమే కాదు, శరీర సంబంధం కూడా. తల్లి కావాలా వద్దా అన్నది స్త్రీ తేల్చుకోవలసిన విషయం. డిక్రీ ఆ నిర్ణయాన్ని ఆమె చేతిలోంచి లాక్కుంటుంది. సెక్షను ఇద్దరికీ సమానమే కదా అంటారా? కడుపు మోసేది ఇద్దరూ కాదు గదా!

1984లో సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో ఈ తీర్పును తోసిపుచ్చింది. సంసారాలు విచ్ఛిన్నం కాకుండా ఈ సెక్షను తోడ్పడుతుందన్నది. అయితే ఆ కేసు కథే చూడండి. కాపురం కోరి కోర్టుకెళ్ళింది భార్య. భర్త సరేనన్నాడు, డిక్రీ వచ్చింది. ఏడాది దాటాక, కాపురం సాగలేదంటూ ఆ డిక్రీనే ఆధారం చేసుకుని భర్త విడాకులు కోరాడు. అవి మంజూరయ్యాయి. 13(1ఎ) సెక్షను అందుకు వీలు కల్పిస్తోంది మరి. సంసారాన్ని నిలబెట్టే చట్టమంటే ఇదేనా?

భార్య మనోవర్తి అడిగితే, జవాబుగా భర్త తొమ్మిదో సెక్షను కింద పిటిషన్ వేయడం కోర్టుల్లో తెలిసిన ఎత్తుగడే. అలాంటి డిక్రీని పాటించనంత మాత్రాన మనోవర్తి పోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక ఆ ఎత్తుకు పదును తగ్గింది. ఏకాంత హక్కు ప్రాథమిక హక్కేనని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చిన తర్వాత, 2019లో ఈ సెక్షనును సుప్రీంకోర్టులో సవాలు చేసింది న్యాయశాస్త్ర విద్యార్థులే. మనబోటి వాళ్ళే!

పెళ్ళిలో చట్టానికి పనే లేదని నా వాదన కాదు. రిజిస్ట్రేషను, పిల్లల పోషణ, మనోవర్తి ఇవన్నీ కావలసినవే. ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే వివాహ రిజిస్ట్రేషను తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. చేయవలసిన పని ఇంకొకటుంది. పెళ్ళి సమయంలో ఇద్దరికీ ఉమ్మడిగా ఇచ్చిన వస్తువుల గురించి 27వ సెక్షను మాట్లాడుతుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళ సంసారంలో భర్త పేర కొన్న ఇంట్లో, ఆ ఇరవై ఏళ్ళూ వండి వార్చిన మనిషికి వాటా ఎంత అన్నచోట మాత్రం హిందూ వివాహ చట్టం నోరు మెదపదు.